కుక్క పెరట్లో గోతులు ఎందుకు తవ్వుతుంది? ముందు గొయ్యిని చూడండి

మీరు రాసినదాన్ని నాకు అర్థమైనట్టు ముందు చెబుతాను. గుంటూరులో పెరడున్న సొంతిల్లు. రెండేళ్ల ఆడ లాబ్రడార్, పేరు రాణి. ఏప్రిల్ నుంచి మూడు చోట్ల తవ్వుతోంది. మధ్యాహ్నం నీళ్ల తొట్టి పక్కన, రాత్రి ప్రహరీ గోడ మొదట్లో, ఈమధ్య ఎరువు వేసినప్పటి నుంచి గులాబీ పాదుల్లో. మీవారు గొలుసుతో కట్టేయమంటున్నారు. ఇంట్లో కుక్క గోతులు తీయడం అపశకునమని, ఎవరికైనా ఇచ్చేయమని అత్తగారు పట్టుబడుతున్నారు. పక్కింటివాళ్లు గోతిలో కారం చల్లమన్నారు. ఇది మొండితనమా, జబ్బా అని మీరు అడుగుతున్నారు.

మొండితనం కాదు. జబ్బు కూడా చాలావరకు కాదు. పశువైద్యుడిగా నేను చాలా ఏళ్లుగా చూస్తున్నది ఏమిటంటే, తవ్వడం కుక్కకు ఎవరూ నేర్పక్కర్లేదు. చల్లదనం కోసం, తిండి కోసం, పిల్లల కోసం, భయమేసి, ఏమీ తోచక, ఇలా ఎన్నో అవసరాలకు అది చేసేది ఆ ఒక్క పనే. కాబట్టి ఒకే కుక్క మూడు చోట్ల తవ్వుతుంటే మూడు వేర్వేరు కారణాలు ఉండవచ్చు. అన్నిటికీ ఒకే మందు వేస్తే ఏదీ ఆగదు. ఎక్కడ తవ్వింది, ఏ వేళప్పుడు తవ్వింది, ఎంత లోతు తీసింది, తవ్వాక ఏం చేసింది, ఈ నాలుగూ గమనిస్తే కారణం దాదాపు దొరికిపోతుంది. మీరు మొదటి రెండూ చక్కగా రాశారు, అందుకే ఇంత వివరంగా జవాబివ్వగలుగుతున్నాను.

గులాబీ పాదులతో మొదలుపెడతాను. మీ ఇంట్లో అందరూ దాన్ని మొక్కలు పాడైన విషయంగా చూస్తున్నారు. నాకు మాత్రం టెన్షన్ అంతా అక్కడే ఉంది.

వేసిన ఎరువు ఏమిటో మీరు రాయలేదు. గులాబీలకంటూ నర్సరీల్లో కట్టిచ్చే సేంద్రియ ఎరువులో వేపపిండి, ఆముదపు పిండి, ఎముకల పొడి కలిపి ఉండటం మామూలే. కొందరు వేరుశనగ చెక్క కూడా కలుపుతారు. మనకది ఎరువు, కుక్క ముక్కుకు మాత్రం తిండి. ఎముకల పొడి వాసన తగిలితే ఆ మట్టిలో ఎముక ఉందనే అనుకుంటుంది. పాదు తవ్వుతుంది, దొరకకపోతే ఇంకా లోతుకు పోతుంది, వాసన పట్టిన మట్టిని నాకుతుంది, తింటుంది కూడా. ఎరువు వేశాకే తవ్వడం మొదలైందని మీరే రాశారు కాబట్టి ఇక్కడ కారణం గురించి నాకు పెద్దగా సందేహం లేదు.

అందులో ఆముదపు పిండి ఉంటే అది ప్రాణం మీదికి వస్తుంది. ఆముదం గింజల్లో రైసిన్ అనే విషం ఉంటుంది. గింజ ఆడించినప్పుడు అది నూనెలోకి పోదు, పిండిలోనే మిగులుతుంది. బాగా వేడిచేసి శుద్ధి చేస్తే విషం తగ్గుతుంది గానీ, సంచిలో ఉన్నది ఎలాంటిదో చూసి చెప్పలేం. మన రైతులు ఆ పిండిని పొలంలో వేస్తారే తప్ప గేదెలకు దాణాగా పెట్టరు, కారణం ఇదే. మేడ మీద కుండీల్లో మొక్కలు పెంచుకునే చాలామందికి మాత్రం ఈ సంగతి తెలియదు. రైసిన్ ఒంట్లోకి వెళితే కణాల్లో ప్రొటీన్ తయారీ ఆగిపోతుంది. తిన్న కొన్ని గంటల నుంచి ఒకటి రెండు రోజుల్లోపు వాంతులు, రక్తంతో విరేచనాలు, కడుపునొప్పి, లేవలేని నీరసం వస్తాయి. దీనికి విరుగుడు లేదు. సెలైన్ ఎక్కిస్తూ, లక్షణాలకు మందులిస్తూ కాపాడుకోవాల్సిందే. తిన్న వెంటనే తీసుకొస్తే డాక్టరు కక్కించి, యాక్టివేటెడ్ చార్‌కోల్ ఇచ్చి విషం ఒంటికి ఎక్కడాన్ని తగ్గించగలరు. ఇంట్లో ఉప్పునీళ్లు పోసి కక్కించాలని మాత్రం చూడకండి. ఉప్పు ఎక్కువైతే అదే ఇంకో విషమవుతుంది.

కాబట్టి ఈరోజే ఆ సంచి మీద ఏం రాసి ఉందో చదవండి. ఆముదం అన్న మాట కనిపించినా, ఏమీ రాయకుండా లూజుగా కట్టిచ్చిన పొడి అయినా, పాదుల్లోని ఎరువు మట్టిని తీసి కుక్కకు అందనిచోట పారేయండి. మిగిలిన సంచిని పైన ఎక్కడైనా తాళం వేసి పెట్టండి. గులాబీల చుట్టూ మోకాలెత్తు ఇనుప జాలీ కట్టండి. ఇకమీదట బాగా మాగిన పశువుల ఎరువు, వర్మీకంపోస్టు చాలు, గులాబీలు వాటితోనే పూస్తాయి.

ఇక నీళ్ల తొట్టి పక్కన గొయ్యి. అది పళ్లెంలా వెడల్పుగా, లోతు తక్కువగా ఉండి, తవ్వాక రాణి అందులోనే పొట్ట ఆనించి పడుకుంటోందా? అయితే అది ఎండ నుంచి తప్పించుకోవడానికి తవ్విన గొయ్యి. కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు, పాదాల అడుగున కాస్త పడుతుంది, అంతే. వేడిని బయటికి పంపడానికి దానికున్న ముఖ్యమైన దారి నాలుక బయటపెట్టి వగర్చడం. చుట్టూ గాలి కూడా ఒంటి వేడిని అందుకునే స్థాయిలో ఉన్నప్పుడు, దానికి ఉక్కపోత తోడైనప్పుడు వగర్పు సరిగా పనిచేయదు. గుంటూరు మే నెల ఎండ గురించి మీకు నేను చెప్పనక్కర్లేదు. కుక్క మామూలు ఒంటి వేడి 101 నుంచి 102.5 డిగ్రీల ఫారన్‌హీట్. లాబ్రడార్‌కు రెండు పొరల బొచ్చు, పొట్ట కింద మాత్రం పలచన. పైమట్టి కాలిపోతున్నా కొన్ని అంగుళాల కింద చల్లగా ఉంటుంది, తొట్టి పక్కనైతే తడి కూడా ఉంటుంది. ఆ చల్లటి మట్టికి పొట్ట ఆనిస్తే ఒంటి వేడి మట్టిలోకి దిగుతుంది. మీ వీధిలో ఎక్కడైనా ఇల్లు కడుతుంటే ఆ ఇసుక కుప్ప దగ్గరికి మధ్యాహ్నం వెళ్లి చూడండి. వీధికుక్కలు పై ఇసుక గీకేసి కింది తడి ఇసుకలో పడుకుని ఉంటాయి.

ఈ గొయ్యిని పూడ్చకండి, వేసవి వెళ్లేదాకా దానికి వదిలేయండి. పూడిస్తే పక్కన ఇంకోటి తవ్వుతుంది, తవ్వకూడదని కట్టేస్తే ఎండదెబ్బ తగులుతుంది. మీరు చేయాల్సింది ఆ చోట షేడ్ నెట్టో తాటాకు పందిరో వేసి నీడ పెంచడం, రోజూ ఉదయం ఆ మట్టిని తడపడం, పక్కన మట్టి తొట్టిలో నీళ్లు పెట్టి మధ్యాహ్నం ఒకసారి మార్చడం. మధ్యాహ్నం 11 నుంచి 4 దాకా ఇంట్లో ఫ్యాన్ కింద ఉంచగలిగితే అన్నిటికన్నా మంచిది. చొంగ చిక్కబడటం, చిగుళ్లు, నాలుక బాగా ఎర్రబడటం, తూలడం కనిపిస్తే వెంటనే మామూలు నీళ్లతో ఒళ్లంతా తడిపి, ఫ్యాన్ పెట్టి, ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ప్రహరీ మొదట్లో రాత్రి తవ్వుతోందంటే నా అనుమానం పందికొక్కుల మీద. పగలు ఆ గోడ వెంట నడిచి చూడండి. బొరియ నోటి దగ్గర తాజా వదులు మట్టి కుప్ప ఉందా? రాణి తవ్వింది సన్నగా, లోతుగా, గోడ వెంట ఒక వరుసలో ఉందా? తవ్వేముందు ముక్కు నేలకానించి, చెవులు నిక్కించి, కాసేపు కదలకుండా వింటోందా? అవునంటే అది వేటాడుతోంది. పందికొక్కులు రాత్రి తిరుగుతాయి, నేల కింద వాటి అలికిడి మీకు వినపడకపోయినా దానికి వినపడుతుంది. టెర్రియర్, డాక్షండ్ జాతుల్ని బొరియల్లో దాక్కున్న జంతువుల మీదికి పంపడానికే తరాల తరబడి పెంచారు. వాటిలో ఈ కోరిక మరీ ఎక్కువ. లాబ్రడార్‌లో అంత ఉండకపోయినా, ముక్కు కింద పందికొక్కు తిరుగుతుంటే ఏ కుక్కా ఊరుకోదు.

ఇక్కడ రాణిని ఆపడం కన్నా పందికొక్కుల్ని వెళ్లగొట్టడం ముఖ్యం. రాత్రిపూట చెత్తబుట్టకు మూత పెట్టండి. రాణి తినగా మిగిలిన అన్నం బయట ఉంచకండి, పందికొక్కులు వచ్చేది చాలాసార్లు దాని కోసమే. బోను పెట్టండి. బొరియలు ఖాళీ అయ్యాక కంకర, సిమెంటుతో మూసేసి, గోడ మొదట్లో అడుగు లోతున ఇనుప జాలీ పాతండి. ఎలుకల మందు మాత్రం పెట్టకండి. మందు తిన్న ఎలుకను కుక్క తిన్నా ప్రమాదమే. నల్లటి పొడిగా దొరికే జింక్ ఫాస్ఫైడ్ కడుపులోని ఆమ్లంతో కలిసి విషవాయువుగా మారుతుంది. బ్రోమాడయోలోన్ బిళ్లలు తిన్న కుక్క రెండు మూడు రోజులు మామూలుగానే ఉండి, తర్వాత లోపల రక్తస్రావం మొదలవుతుంది. దీనికి విటమిన్ కె1 పనిచేస్తుంది, కానీ సమయానికి తెలియాలి కదా. ఏ మందు తిన్నదో తెలియక కుటుంబాలు కుక్కను పట్టుకుని ఆసుపత్రి గుమ్మంలో ఏడుస్తూ నిలబడటం చూశాను, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

ఇంకో రెండు జాగ్రత్తలు. ఎలుక బొరియల్లో నాగుపాము ఉండే అవకాశం ఎప్పుడూ ఉంటుంది, కాబట్టి రాత్రి ఆ వైపు ఒంటరిగా వదలకండి. ఎలుకల మూత్రం పడిన తడి మట్టి నుంచి కుక్కలకు లెప్టోస్పైరోసిస్ అనే జబ్బు సోకుతుంది, కాలేయాన్ని, మూత్రపిండాలను దెబ్బతీస్తుంది, కుక్క నుంచి మనుషులకూ రావచ్చు. రాణికి ఏటా వేయించే టీకాలో లెప్టో ఉందో లేదో కార్డు తీసి చూసుకోండి. ఆ గోతుల్ని మీరు పూడ్చేటప్పుడు చేతులకు గ్లోవ్స్ వేసుకోండి.

మీరు రాయని విషయం ఒకటి అడగాలి. రాణికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించారా? చేయించకపోతే ఆఖరిసారి హీట్‌కు, అంటే ఎదకు, ఎప్పుడు వచ్చింది? ఫిబ్రవరి, మార్చి నెలల్లో వచ్చి ఉంటే, ఏప్రిల్ నుంచి తవ్వడంలో దాని ప్రభావం కూడా ఉండవచ్చు. హీట్ అయిన ఆరు నుంచి తొమ్మిది వారాలకు, మగకుక్కతో కలవకపోయినా, కొన్ని ఆడకుక్కలకు గర్భం వచ్చిన లక్షణాలన్నీ వస్తాయి. ప్రొజెస్టెరాన్ అనే హార్మోన్ తగ్గి, పాలు ఊరేలా చేసే ప్రొలాక్టిన్ హార్మోన్ పెరగడం వల్ల అలా జరుగుతుంది. మెట్ల కింద, మంచం కింద మూలల్లో గీకుతుంది, గోనెసంచులు, పాత చీరలు లాక్కెళ్లి కుప్ప వేస్తుంది, బొమ్మనో చెప్పునో పిల్లలా కాపలా కాస్తుంది, పొదుగు ఉబ్బి పాలు కూడా రావచ్చు. ఇలా ఉంటే పాలు పిండకండి, పిండితే ఇంకా ఊరతాయి. మామూలుగా రెండు మూడు వారాల్లో తగ్గిపోతుంది. తగ్గకపోతే మందులున్నాయి. ఆపరేషన్ చేయించాలనుకుంటే ఈ లక్షణాలు పూర్తిగా పోయాకే చేయించండి. ఒక హెచ్చరిక మాత్రం గుర్తుంచుకోండి. ఇదే రోజుల్లో గర్భసంచిలో చీము పట్టే జబ్బు కూడా వస్తుంది. నీళ్లు విపరీతంగా తాగడం, తిండి మానేయడం, మూత్రద్వారం దగ్గర చీములాంటి స్రావం కనిపిస్తే మర్నాటిదాకా ఆగకండి. నిజంగానే మగకుక్కతో కలిసి ఉంటే 63 రోజులు అటూఇటుగా ఈనుతుంది, దానికి ముందు రోజు గూడు కోసం తవ్వడం, ఒంటి వేడి 99 డిగ్రీల కిందికి దిగడం చూస్తారు.

రాణి మట్టిని తింటోందా, తవ్వి వదిలేస్తోందా అన్నది కూడా చూడండి. ఎరువు లేనిచోట కూడా తింటుంటే, పెదవి ఎత్తి చిగుళ్లు చూడండి. గులాబీ రంగు పోయి పాలిపోయి ఉంటే రక్తహీనత ఉండవచ్చు. మన దగ్గర దానికి ఎక్కువగా కనిపించే కారణాలు పిడుదుల వల్ల వచ్చే టిక్ ఫీవర్, కడుపులో కొంకి పురుగులు. రెండూ రక్తం, మలం పరీక్షల్లో తెలిసిపోతాయి. ఎటూ కాలివేళ్ల సందుల్లో పిడుదులు ఉన్నాయేమో వారానికోసారి చూడటం మంచిది, తవ్వే కుక్కకు గోళ్లు చీలడం కూడా మామూలే.

తిండి దాచుకోవడానికి తవ్వే కుక్కలు వేరు. ఎముకో చపాతీయో నోట కరుచుకుని వెళితే మీకే తెలుస్తుంది, పెట్టేది తగ్గిస్తే సరిపోతుంది. దీపావళి మందుగుండుకో, ఉరుములకో గేటు కింద, తలుపు దగ్గర పిచ్చిపట్టినట్టు గీకేవి భయంతో పారిపోవాలని చూస్తున్నవి. మీ రాణిలో ఆ లక్షణాలు లేవు కాబట్టి అందులోకి వెళ్లను.

కానీ ఒంటరితనం ఉంది. మీరిద్దరూ ఉదయం తొమ్మిదికి వెళ్లి సాయంత్రం ఆరింటికి వస్తామని, అత్తగారు మోకాళ్ల నొప్పులతో పెరట్లోకి రాలేరని రాశారు. వేటగాడు కొట్టిన పక్షిని నీళ్లలోంచి, పొదల్లోంచి వెతికి తేవడానికి పెంచిన జాతి అది. రెండేళ్ల వయసులో దానికి ఒళ్లంతా ఓపికే. తొమ్మిది గంటలు గోడలు చూస్తూ కూర్చోమంటే కుదరదు. మిగతా కారణాలన్నీ సరిచేసినా, ఇది మిగిలితే అది నాలుగో చోటు వెతుక్కుంటుంది. వేసవిలో తెల్లవారుజామున ఐదున్నరకు, రోడ్డు కాలకముందే, అరగంటైనా తిప్పండి. వాసన చూస్తానంటే చూడనివ్వండి, లాక్కుపోకండి, అది సగం అలిసేది ముక్కుతోనే. ఉదయం పెట్టే తిండిని గిన్నెలో పోయకుండా వరండాలో చల్లి వెతుక్కోనివ్వండి, ఒక పాత తువ్వాలులో చుట్టి ఇవ్వండి. ఐదు నిమిషాల్లో ముగిసే తిండి అరగంట పనవుతుంది.

తవ్వడానికి ఒక చోటు కూడా ఇచ్చేయండి. తొట్టి పక్క గొయ్యి దగ్గరే నీడలో నాలుగడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు, అడుగున్నర లోతు గుంట తీయించి, చుట్టూ ఇటుకలు పేర్చి ఇసుక నింపండి. మొదటి వారం రాణి చూస్తుండగానే దాని బొమ్మను, బిస్కెట్‌ను సగం కనపడేలా పాతండి. తవ్వి తీస్తే మెచ్చుకోండి. తర్వాత లోతుగా, దానికి కనపడకుండా పాతండి. ఇంకోచోట తవ్వుతుంటే అరవకుండా పిలిచి ఇక్కడికి తెచ్చి వదలండి. లాబ్రడార్ తిండి కోసం ఏదైనా నేర్చుకుంటుంది, కొన్ని వారాలు ఓపిక పడితే ఇది కూడా నేర్చుకుంటుంది. రాత్రి ఇసుక మీద టార్పాలిన్ కప్పడం మరవకండి, లేకపోతే వీధి పిల్లులు పాడుచేస్తాయి.

కారం చల్లకండి. కుక్క ముక్కు, కళ్లు మండి నీళ్లు కారతాయే తప్ప, ఎందుకు మండిందో దానికి అర్థం కాదు. ఫినాయిల్, కలరా ఉండలు ఇంకా ప్రమాదం, రెండూ కుక్కలకు విషమే. గోతి దగ్గరికి ఈడ్చుకెళ్లి తిట్టడం, కొట్టడం కూడా వద్దు. సాయంత్రం మీరు తిడుతున్నది మధ్యాహ్నం చేసిన పనికని దానికి తెలియదు. "తప్పు చేసినట్టు తల దించుకుంటుంది సార్, తెలిసే చేసింది" అని చాలామంది నాతో వాదిస్తారు. అమెరికా పరిశోధకురాలు అలెగ్జాండ్రా హోరోవిట్జ్ 2009లో దీన్నే పరీక్షించారు. వద్దన్న తిండిని కుక్క తిన్నా తినకపోయినా, యజమాని తిట్టినప్పుడే ఆ ముఖం ఎక్కువగా కనిపించింది. తప్పు చేయని కుక్క కూడా తిడితే అలాగే తల దించుకుంది. మనం చూసేది తప్పు ఒప్పుకోవడం కాదు, మన కోపానికి భయపడటం.

మీవారికి గొలుసు గురించి చెప్పండి. గంటో అరగంటో, ఎవరైనా వచ్చినప్పుడో కట్టడం వేరు. రోజంతా కడితే కుక్క గొలుసు అందినంత మేరా తవ్వుతుంది, అరుస్తుంది, దగ్గరికొచ్చినవాళ్ల మీదికి పోవడం మొదలుపెడుతుంది. నీడ పక్కకు జరిగాక గొలుసు అందక ఎండలో చిక్కుకుంటే ఆ రోజే ప్రాణం పోవచ్చు.

అత్తగారి భయాన్ని తేలిగ్గా కొట్టిపారేయకండమ్మా. పెద్దవాళ్లకు ఇంట్లో గొయ్యి అనగానే మనసులో మెదిలేది వేరు, ఆవిడ కోరుతున్నది ఇంటి క్షేమమే. వాదించే బదులు ప్రహరీ దగ్గర ఒక కుర్చీ వేసి కూర్చోబెట్టి పందికొక్కు బొరియ చూపించండి. ఇంటి గోడ కింద మట్టి తోడేస్తున్నది అవి, వాటిని పట్టిస్తున్నది రాణి. ధాన్యం గాదెలు, ఎలుకల బాధ తెలిసిన మనిషికి ఇది అర్థమవుతుందనే నా నమ్మకం. రెండేళ్లు మీ చేతి ముద్ద తిన్న కుక్కను ఇప్పుడు ఇంకొకరికి ఇస్తే, అక్కడా ఇదే ఎండ ఉంటుంది, అక్కడా తవ్వుతుంది. ఇచ్చేయడానికి ముందు ఈ పనులన్నీ చేసి నెలరోజులు చూడండి.

ఎరువు సంచి మీద రాసి ఉన్నదాని ఫొటో, మూడు గోతుల ఫొటోలు, హీట్‌కు వచ్చిన తేదీ పంపండి, చూసి చెబుతాను. అయితే రాణి ఇప్పటికే వాంతి చేసుకుని ఉంటే, విరేచనంలో రక్తం కనిపిస్తే, నా జవాబు కోసం ఎదురుచూడకుండా ఆ సంచిని కూడా వెంట తీసుకుని ఇప్పుడే దగ్గర్లోని పశువుల ఆసుపత్రికి వెళ్లండి.